చిమ్నీ కొనేముందు పొగకు దారి చూడండి

తిరుపతిలో ఎం.ఆర్. పల్లి వైపు ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తు నుంచి ఒక గృహిణి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఇంట్లో భర్త, ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉంటారు. ఇంటి వంటతోపాటు యూనివర్సిటీలో చదువుకునే ఎనిమిది మంది పిల్లలకు ఆవిడ మధ్యాహ్నం క్యారియర్లు కట్టి పంపుతారు. పొద్దున ఐదున్నరకు వెలిగిన స్టవ్ పదకొండు దాకా ఆరదు. రోజూ ఒక వేపుడు, ఒక పులుసు, రెండు తిరగవాతలు ఉండాల్సిందే. ఊరిబిండి పచ్చడి చేసే రోజు ఎండుమిరపకాయలు, వేరుశెనగ గింజలు వేయించాలి. నూనె గానుగలో ఆడించిన వేరుశెనగ నూనె.

వంటిల్లు పదడుగులు, ఎనిమిదడుగులు. తలుపు లేదు, హాల్లోకి తెరిచే ఉంటుంది. మూడు పొయ్యిల స్టవ్ తూర్పు గోడకు ఉంది. దాని పక్కనే ఒక కిటికీ, కిటికీ పైన బిల్డరు పెట్టిన తొమ్మిదంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఆ ఫ్యాన్ గాలి నాలుగడుగుల సందు దాటి నేరుగా తన పడగ్గదిలోకి వస్తోందని పక్క ఫ్లాట్ పెద్దాయన రెండేళ్ల క్రితం గొడవపడ్డారు. అప్పటినుంచి ఫ్యాన్ ఆపేశారు. కిటికీ కూడా సగం మూసే ఉంటుంది. దక్షిణం వైపు తలుపు తీస్తే నాలుగడుగుల యుటిలిటీ బాల్కనీ. పావురాల బాధ, వాన జల్లు పడలేక దానికి అద్దాల స్లైడింగ్ బిగించారు. గ్యాస్ గీజరు అందులోనే ఉంది.

ఆరు నెలలుగా ఆవిడకు పొడిదగ్గు. అత్తగారికి ముందునుంచే ఆయాసం. మిరపకాయలు వేయించే రోజు ఆ పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయట మెట్లమీద కూర్చుంటారట. భర్త ఒక షోరూమ్‌కు వెళ్లి, బయటికి పైపు అక్కర్లేని 60 సెంటీమీటర్ల చిమ్నీ చూసి వచ్చారు. పొగంతా లోపలి కార్బన్ ఫిల్టరే తాగేస్తుందని, గంటకు 1,400 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని, సర్వీసే అక్కర్లేదని అక్కడి అబ్బాయి చెప్పాడు. బయటి గోడలకు చిల్లులు పెట్టకూడదని అసోసియేషన్ వాళ్ల షరతు ఉండటంతో భర్తకు అది నచ్చింది. ఆగ్నేయంలో గోడ తొలిపించడానికి అత్తగారు ఒప్పుకోవడం లేదు. పైగా "కట్టెల పొయ్యి మీద వండినవాళ్లం, మాకివన్నీ ఉన్నాయా" అంటున్నారు. తన దగ్గు కోసం ఇంత డబ్బు పెట్టించడం న్యాయమేనా, పెడితే ఏది కొనాలి, పెద్దాయనతో మళ్లీ గొడవ రాకుండా ఎలా, అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలకంటే ముందు, అడగకుండా రాసిన ఒక వాక్యానికి జవాబు చెప్పాలి. చివరి పేజీలో, మార్జిన్‌లో ఇరికించి రాశారు: "డిసెంబరు, జనవరిలో పొద్దున్నే అందరి స్నానాలూ అయ్యేసరికి నాకు తల దిమ్ముగా ఉంటుంది, వాకిట్లో ముగ్గేసి వచ్చేసరికి తగ్గుతుంది. చలికి అనుకుంటాను." అది చలి వల్ల కాకపోవచ్చు. అద్దాలన్నీ మూసిన యుటిలిటీలో గ్యాస్ గీజరు ఒకదాని తర్వాత ఒకటి ఐదు స్నానాలకు మండుతోంది. మంటకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే తెలియడానికి బండలో కలిపే ఘాటు వాసన ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే ఇది గ్యాస్ మండాక వచ్చేది. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఇది చేరుతుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, కడుపులో వికారం. బయటి గాలిలోకి వెళితే తేలికపడటం దీనికి గుర్తు. మూసిన గదుల్లో గ్యాస్ గీజరు వల్ల ప్రాణాలు పోయిన వార్తలు మన రాష్ట్రంలోనూ, బయటా చదువుతూనే ఉన్నాం.

కాబట్టి చిమ్నీ సంగతి తర్వాత. ఈ జవాబు చదివిన రోజే యుటిలిటీ అద్దాల్లో ఒకటి తెరిచిపెట్టండి. గీజరు మండుతున్నంతసేపూ అది మూయకూడదు. పావురాలకు భయపడితే అద్దం స్థానంలో ఇనుప జాలీ బిగించండి, జాలీలోంచి గాలి ఆడుతుంది. గీజరు కంపెనీ మెకానిక్‌ను పిలిచి బర్నరు శుభ్రం చేయించండి, మంట నీలంగా వస్తోందో లేదో చూడమనండి. పొగ బయటికి పోయే గొట్టం దానికి ఉంటే ఆ గొట్టం భవనం బయటిదాకా వెళ్లాలి. లేని మోడల్ అయితే దాన్ని తీసేసి కరెంటు గీజరు పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అప్పటికీ తల దిమ్ము వస్తే వెంటనే గీజరు ఆపి, అందరూ బయటికి వచ్చి, డాక్టరుకు గీజరు సంగతి కూడా చెప్పండి. చెప్పకపోతే వాళ్లు దాన్ని మామూలు తలనొప్పిగానే చూస్తారు.

దీన్ని ముందు పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. మూసిన ఇంట్లో బలమైన చిమ్నీ పెడితే అది గాలిని ఎక్కడినుంచో ఒకచోటినుంచి లాక్కోవాలి. వంటింటికి అతి దగ్గరగా ఉన్నది మీ యుటిలిటీయే. బయటికి పోవాల్సిన గీజరు పొగను చిమ్నీ వెనక్కి, మీ వంటింట్లోకి లాగేస్తుంది. గీజరు సంగతి సరిచేయకుండా మంచి చిమ్నీ కొంటే ప్రమాదం పెరుగుతుంది.

ఇప్పుడు పొగ దగ్గరికి వద్దాం. నూనె డబ్బాకు ఒకవైపే చిల్లు పొడిస్తే నూనె గుటక గుటకగా, ఆగి ఆగి వస్తుంది. రెండోవైపు ఇంకో చిల్లు పొడిస్తే ధారగా పడుతుంది. ఇల్లూ అంతే. పొగ పోవడానికి ఒక దారి, ఆ మేరకు బయటి గాలి రావడానికి ఇంకో దారి, రెండూ ఉండాలి. మీ ఇంట్లో రెండేళ్లుగా పోయే దారి మూసుకుపోయింది. కిటికీ సగం మూసి ఉండటంతో వచ్చే దారి కూడా కుంచించుకుపోయింది. మీ దగ్గు ఆరు నెలలదే కావచ్చు, దానికి కారణం అంతకుముందే మొదలైంది. "పదిహేనేళ్లుగా లేనిది ఇప్పుడెందుకు" అని మీ ఆయన అంటున్నారని రాశారు. రెండేళ్ల క్రితం దాకా ఆ ఫ్యాన్ తిరిగేది. క్యారియర్లు కూడా మూడేళ్ల క్రితమే కదా మొదలుపెట్టారు. ఫ్యాన్ ఆగింది, పొగ పెరిగింది. ఈ రెండు మాటలూ ఆయనకు తేదీలతో సహా చెప్పండి, ఆయనకే అర్థమవుతుంది.

మీ వంటింట్లో పుట్టే పొగ రెండు రకాలు. గ్యాస్ మండటం వల్ల వచ్చేది ఒకటి: నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, కొంత నైట్రోజన్ డయాక్సైడ్. ఈ చివరిది ఆయాసం ఉన్నవాళ్ల ఊపిరితిత్తులను రేపుతుంది. నూనె, కారం కాగడం వల్ల వచ్చేది రెండోది. గానుగ నూనె వడకట్టిందే తప్ప శుద్ధి చేసింది కాదు కాబట్టి దాదాపు 160 డిగ్రీలకే పొగ మొదలవుతుంది. రిఫైన్డ్ వేరుశెనగ నూనె 230 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. గానుగ నూనె మానేయమని నేను చెప్పను, మన సీమ వంటకు ఆ రుచి వేరే రాదు. ఊరిబిండికి, తిరగవాతకు అదే వాడండి, పెద్ద మంట మీద వేపుళ్లు చేసేటప్పుడు మాత్రం రిఫైన్డ్ వాడి చూడండి. బాగా కాగిన నూనెలో వేపుళ్లు చేసేటప్పుడు లేచే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ "బహుశా క్యాన్సర్ కలిగించేది" అనే వర్గంలో చేర్చింది. ఇది మీకు టెన్షన్ పెట్టడానికి చెప్పడం లేదు. ఈ ఖర్చు న్యాయమేనా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను. రోజుకు ఐదారు గంటలు ఆ పొగలో నిలబడే మనిషి ఊపిరి కోసం పెట్టే ఖర్చు అది. మీ క్యారియర్ల డబ్బుతో ఆ ఇల్లు కొంత నడుస్తోందని కూడా మీరే రాశారు. పనిచేసే చోటును బాగుచేసుకోవడానికి మీరు ఎవరి అనుమతీ అడుక్కోనవసరం లేదు.

పైపు లేని చిమ్నీ సంగతి. అందులో ఫిల్టరు నూనె జిడ్డును పడుతుంది, కార్బన్ కొంత వాసనను పీల్చుకుంటుంది. ఆ గాలినే తిరిగి మీ మొహం మీదికి వదులుతుంది. వేడి అక్కడే ఉంటుంది, ఆవిరి అక్కడే ఉంటుంది, గ్యాస్ మంట నుంచి వచ్చిన వాయువులు కూడా అక్కడే ఉంటాయి. సర్వీసు అక్కర్లేదన్న మాట నిజం కాదు. కార్బన్ నిండిపోయాక ఇక ఏమీ పీల్చదు, మామూలు ఇళ్లలోనే మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చాలి. మీ వంటకు అంతకంటే ముందే మార్చాల్సి రావచ్చు. రెండేళ్లలో ఆ ఫిల్టర్ల ఖర్చు ఎంతవుతుందో షోరూమ్‌లో కాగితం మీద రాయించుకోండి, అప్పుడు పైపు వేయించే ఖర్చుతో పోల్చి చూడండి. ఇంట్లో ఒకరిద్దరే ఉండి, ఎక్కువగా ఉడకబెట్టి తినేవాళ్లకు, ఏ దారీ లేని ఇళ్లకు అది ఫరవాలేదు. ఆయాసం ఉన్న మనిషి హాల్లో కూర్చునే మీ ఇంటికి మాత్రం దాన్ని సిఫారసు చేయలేను.

మరి పైపు ఉన్న చిమ్నీ పెడితే ఎటు? తూర్పు గోడలోంచి తిన్నగా తీస్తే రెండడుగుల పైపు, ఒక్క వంపు చాలు, చిమ్నీ బలమంతా పొగను లాగడానికే పనికొస్తుంది. యంత్రం లెక్కలో అదే ఉత్తమం. కానీ ఆ పొగ పెద్దాయన పడగ్గది కిటికీకి నాలుగడుగుల దూరంలో పడుతుంది. రెండు భవనాల మధ్య ఇరుకు సందులో పొగ పైకి లేచి పోతుందనుకోవడం పొరపాటు. మే నెలలో తిరుపతి ఎండకు బయటి గాలే నలభై డిగ్రీలు దాటి ఉంటే పొగకు పైకి లేచే ఊపు ఉండదు. సందులోనే తిరుగాడి, తెరిచి ఉన్న కిటికీలోకి దూరుతుంది. పెద్దాయన కోపం అన్యాయమైనది కాదు. తొమ్మిదంగుళాల ఫ్యానుకే అంత ఇబ్బందిపడ్డ మనిషి, చిమ్నీ ఊదితే ఊరుకోరు. ఇదీకాక గోడ తొలవాలి, అసోసియేషన్‌తో ఒక గొడవ, అత్తగారితో ఇంకో గొడవ.

మీరు గీసి పంపిన బొమ్మ చూస్తే ఇంకో దారి కనబడుతోంది. యుటిలిటీ తలుపు పైన అద్దం వెంటిలేటరు ఉంది. యుటిలిటీ అవతల దక్షిణం వైపు ఖాళీ స్థలం, ఆ తర్వాత రోడ్డు. చిమ్నీ నెత్తి నుంచి పైపు పైకి లేపి, ఒక్క వంపుతో దక్షిణానికి తిప్పి, గోడ వెంబడి వెంటిలేటరు దాకా తేవచ్చు. అక్కడ అద్దం తీసి, పైపు పట్టేంత గుండ్రటి రంధ్రం ఉన్న అల్యూమినియం రేకు బిగిస్తే చాలు. యుటిలిటీ నాలుగడుగులూ దాటి, పైనున్న స్లైడింగ్ అద్దాల్లో ఒకదాని స్థానంలో ఇలాంటి రేకే పెట్టి బయటికి తీయవచ్చు. మొత్తం పది పన్నెండడుగుల పైపు, ఒకే వంపు. ఒక్క ఇటుక కూడా కదలదు. రేపు ఫ్లాట్ అమ్ముకున్నా రేకు తీసి అద్దం పెట్టేస్తే సరి. ఆగ్నేయం గోడ చెక్కుచెదరదు కాబట్టి అత్తగారి అభ్యంతరానికీ చోటుండదు. అద్దం స్థానంలో రేకు వస్తే బయటినుంచి భవనం రూపు కొంచెం మారుతుంది, కనుక అసోసియేషన్‌కు ముందే ఒక కాగితం రాసి ఇవ్వండి, వాళ్ల సంతకం తీసుకోండి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోకండి, కార్యదర్శి మారితే మాటా మారుతుంది.

దీనికి నష్టం లేకపోలేదు. పైపు పొడవైనకొద్దీ, వంపు పడినకొద్దీ లాగే బలం తగ్గుతుంది. పెట్టె మీద అచ్చేసిన 1,400 పైపు ఏమీ తగిలించకుండా కొలిచిన అంకె అనుకోండి, ఇంట్లో అంత రాదు. అయినా మీకు అంత అక్కర్లేదు. మీ వంటింటి ఎత్తు పదడుగులైతే లోపలి గాలి సుమారు 23 ఘనపు మీటర్లు. గంటకు ఇరవైసార్లు ఆ గాలి మారినా 460. హాల్లోకి తెరిచి ఉంది, వేపుడు ఎక్కువ అని దాన్ని రెట్టింపు చేసినా 920. పెట్టె మీద 1,200 ఉన్న చిమ్నీ, తిన్నగా వేసిన పైపుతో మీ ఇంటికి సరిపోతుంది. ఇంకా పెద్ద అంకె కోసం డబ్బు పోయకండి, శబ్దం కూడా పెరుగుతుంది. శబ్దం ఎక్కువైతే మీరే దాన్ని వాడటం మానేస్తారు.

డబ్బు పెట్టాల్సిన చోటు వెడల్పు. మూడు పొయ్యిల స్టవ్ చాలావరకు 60 సెంటీమీటర్లకంటే వెడల్పుగా ఉంటుంది. టేపు పెట్టి కొలవండి. చిమ్నీ స్టవ్‌కు రెండువైపులా కనీసం సమానంగానైనా ఉండాలి, లేకపోతే చివరి పొయ్యి మీది బాణలి పొగ పక్కనుంచి తప్పించుకుని పైకి పోతుంది. మీ స్టవ్ 70 దాటితే 75 గానీ 90 గానీ తీసుకోండి. స్టవ్ పైభాగం నుంచి చిమ్నీ అడుగుకు 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉండాలి. తక్కువైతే మంట వేడికి జిడ్డుకు నిప్పు అంటుకునే ప్రమాదం, ఎక్కువైతే పొగ అందదు. అక్కడ ఇప్పుడున్న చెక్క అల్మరా తీసేయక తప్పదు. మసాలా డబ్బాలకు వేరే చోటు చూసుకోండి.

ఫిల్టర్లలో సన్నని జాలీది త్వరగా మూసుకుపోతుంది. మన వంటకు వంకర పలకలతో చేసిన బాఫిల్ ఫిల్టరు బాగా నిలుస్తుంది. రెండు మూడు వారాలకోసారి వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి కడిగితే చాలు. ఫిల్టరే లేని ఆటో క్లీన్ రకం కూడా బాగానే పనిచేస్తుంది. లోపలి వేడికి కరిగిన జిడ్డు కింద గిన్నెలోకి దిగుతుంది, ఆ గిన్నె మీరే కడుక్కోవాలి. పైపులో పేరుకున్న జిడ్డును మాత్రం ఏ ఆటో క్లీనూ ముట్టుకోదు. మీలా రోజూ వేపుడు చేసే ఇంట్లో ఏడాదికోసారి పైపు విప్పి కడిగించాలి. ఏది కొన్నా, తిరుపతిలోనే సర్వీసు మనిషి ఉన్నాడా, లేక చెన్నై నుంచి రావాలా అన్నది ముందే అడగండి.

చిమ్నీ ఇప్పట్లో కొనలేమనుకుంటే, అదే వెంటిలేటరులో లోహపు రెక్కల ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించుకోవచ్చు. అలా పెడితే యుటిలిటీ బయటివైపు పైన అద్దం తీసేసి జాలీ పెట్టాలి, లేకపోతే పొగ గీజరు దగ్గర తిరుగుతూ ఉండిపోతుంది. ఖర్చు చిమ్నీలో చిన్న వంతు. హాల్లో అత్తగారికి చాలా తేడా తెలుస్తుంది. కానీ ఫ్యాను స్టవ్‌కు దూరంగా ఉంటుంది కాబట్టి పొగ ముందు గదిలోకి లేచి, మీ ముక్కు పక్కనుంచి నడిచి, ఆ తర్వాత బయటికి పోతుంది. మీ దగ్గు కొంత తగ్గవచ్చు, పూర్తిగా తగ్గుతుందని చెప్పలేను. ఈ ఏడాది ఫ్యానుతో గడిపి, క్యారియర్ల డబ్బు చేతికందాక చిమ్నీకి వెళ్లడం తప్పేమీ కాదు. అప్పుడు ఆ ఫ్యాను తీసి, అదే చోట పైపు పోనివ్వవచ్చు. రెండూ ఒకేచోట, ఒకేసారి నడపాలని మాత్రం చూడకండి, ఒకటి లాగే గాలిని ఇంకోటి చెదరగొడుతుంది.

వేపుళ్లు, మిరపకాయలు వేయించడం యుటిలిటీలో వేరే పొయ్యి పెట్టి చేసుకుంటానని రాశారు. కరెంటు గీజరుకు మారి, అద్దాలు తీసి జాలీ పెట్టాక అయితే మంచి ఆలోచనే. గ్యాస్ గీజరు ఉన్నంతకాలం ఆ నాలుగడుగుల చోట రెండో మంట వద్దు. ఇండక్షన్ కొంటే చిమ్నీ అక్కర్లేదని మీ మరిది చెప్పిన మాట సగమే నిజం. గ్యాస్ మంట వాయువులు ఉండవు, గదిలో వేడి తగ్గుతుంది, నిజమే. కానీ మిరపకాయ ఇండక్షన్ మీద వేగినా అదే ఘాటు.

డబ్బు లేకుండా రేపటినుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తూర్పు కిటికీ సగం మూయడం వల్ల మీకు లాభం లేదు, దాన్ని పూర్తిగా తెరవండి, యుటిలిటీ తలుపు, దాని అద్దమూ తెరవండి. వంట మొదలుపెట్టేముందు ఒక అగరుబత్తి వెలిగించి కిటికీ దగ్గర, తలుపు దగ్గర, హాలు మొదట్లో పట్టుకుని చూడండి. పొగ ఎటు వంగుతోందో కనబడుతుంది. రోజులో వేళను బట్టి గాలి మారుతుంది కాబట్టి పొద్దున ఒకసారి, పది గంటలకు ఒకసారి చూడండి. హాల్లోకి వంగుతుంటే అక్కడ ఒక కిటికీ తెరిచి చూడండి, తిరిగి యుటిలిటీ వైపు మళ్లవచ్చు. హాల్లో సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే వంట వేళ కాసేపు ఆపండి, అది పొగను ఇల్లంతా పంచుతుంది. మిరపకాయలు పొడిగా వేయించకుండా అర చెంచా నూనెతో, సన్న సెగన, పైన మూత పెట్టి వేయించండి. ఆ పని అత్తగారు గుడికి వెళ్లిన వేళకు పెట్టుకోండి. గిన్నెల అడుగున మసి పడుతుంటే, మంట పసుపుగా వస్తుంటే బర్నరు రంధ్రాలు మూసుకున్నట్టు. పిన్నీసుతో పొడిచి కడగండి.

గ్యాస్ లీకైన వాసన వస్తే చిమ్నీ గానీ ఫ్యాను గానీ వేయకండి. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేలమీదే పరుచుకుంటుంది, పైనున్న చిమ్నీకి అందదు. పైగా స్విచ్చి వేసేటప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. రెగ్యులేటరు ఆపి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. ఈ మాట పిల్లలకూ, అత్తగారికీ కూడా చెప్పి ఉంచండి.

అత్తగారి గురించి. ఆవిడ అన్నది అబద్ధం కాదు. పెంకుటిళ్లలో కట్టెల పొగ పెంకుల సందుల్లోంచి, పొగగూడులోంచి పోయేది, వంటిల్లు పెరటివైపు విడిగా ఉండేది. మూడో అంతస్తు సిమెంటు పెట్టెలో ఆ సందులు లేవు. ఇది ఆవిడతో వాదన కోసం కాకుండా, ఆవిడ ఇంటి సంగతులే ఆవిడను అడుగుతూ మాట్లాడండి. అప్పట్లో పొగ ఎటు పోయేదో ఆవిడే చెబుతారు. ఇంకో విషయం, ఏళ్ల తరబడి కట్టెల పొగ పీల్చినవాళ్లలో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఆస్తమాలాగే కనిపిస్తుంది, వైద్యం మాత్రం కొంత వేరు. ఆవిడను ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి, గొట్టంలోకి ఊది చేసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించండి. తిరుపతిలోని స్విమ్స్, రుయా ఆసుపత్రుల్లో ఆ వైద్యులు ఉంటారు. మీ పొడిదగ్గు ఆరు నెలలది కాబట్టి మీరూ అదే రోజు చూపించుకోండి. పొగ వల్లే అని ఇంట్లో కూర్చుని తేల్చేయడానికి వీల్లేదు.

మీ ఆయన తొందరపడి ఆ చిమ్నీ ఎంచుకోవడం మీమీద నిర్లక్ష్యంతో అని నాకనిపించలేదు. గోడ, అసోసియేషన్, తల్లి, పక్కింటాయన, నలుగురితోనూ గొడవ లేని దారి ఒకటి కనబడింది, పట్టుకున్నారు. వెంటిలేటరు దారిలోనూ ఆ నాలుగు గొడవలూ ఉండవు. ఒక ఆదివారం పొద్దున ఆయనను ఆ స్టవ్ ముందు మీతోపాటు నిలబెట్టి, పావుకేజీ మిరపకాయలు ఆయనచేతే వేయించండి. బొమ్మ, లెక్క ఆ తర్వాత చూపించండి. పక్కింటి పెద్దాయనకు కూడా పని మొదలుపెట్టకముందే మీ ఆయనే వెళ్లి, పొగ ఆయన వైపు రాకుండా దక్షిణానికి తీస్తున్నామని చెప్పి రావాలి. తూర్పు ఫ్యాను శాశ్వతంగా తీసేస్తున్నామంటే ఆయన మనసు తేలికపడుతుంది.

బిగించే రోజు మీరు ఇంట్లో ఉండండి. పైపు మొదటినుంచి చివరిదాకా ఆరంగుళాలే ఉండాలి. మధ్యలో నాలుగంగుళాలకు కుదిస్తే దారి సగంకంటే తక్కువైపోతుంది, పెట్టె మీద ఎంత అంకె ఉన్నా ప్రయోజనం ఉండదు. మడతల అల్యూమినియం గొట్టమైతే బాగా సాగదీసి, వేలాడకుండా పట్టీలతో బిగించాలి. వేలాడిన చోట నూనె నిలుస్తుంది. గుండ్రటి గట్టి రేకు గొట్టమైతే ఇంకా మంచిది, లోపల నున్నగా ఉంటుంది, నిప్పు అంటుకోదు. బయటి మూతి కిందికి వంగి ఉండాలి, దానికి టోపీ, పావురాలు దూరకుండా పెద్ద కన్నుల జాలీ, గాలి వెనక్కి రాకుండా రెక్క ఉండాలి. నవంబరులో మనకు ఈశాన్యం వానలు పక్కనుంచి కొడతాయి. 2021 నవంబరులో తిరుపతిలో పడ్డ వానలు మీరు చూసే ఉంటారు. టోపీ లేకపోతే నీళ్లు పైపులోంచి మోటారులోకి దిగుతాయి.

అంతా బిగించాక కిటికీ తెరిచి, చిమ్నీ నడిపించి, ఒక పలుచటి టిష్యూ కాగితం ఫిల్టరు కింద పెట్టి వదలండి. అది అక్కడే అతుక్కుని నిలవాలి. తర్వాత బయటి మూతి దగ్గర చెయ్యి పెట్టి చూడమని బిగించే అబ్బాయికి చెప్పండి, గాలి గట్టిగా తగలాలి. లోపల కాగితం నిలిచి, బయట గాలి బలహీనంగా ఉంటే పైపు ఎక్కడో అతుకు దగ్గర వదులుగా ఉంది. దాన్ని విప్పించి, మళ్లీ బిగించి, టేపు చుట్టాక మిగతా డబ్బు ఇవ్వండి.